రాముడిది ఏ రాష్ట్రమో తర్వాత తేల్చుకుందురు గాని, ముందు మా చెత్త సంగతి చూడండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న నవమి కల్యాణం గురించి మీ పేపర్లో రెండు పేజీలు వేశారు. ఫోటోలు బాగున్నాయి, వచ్చిన వీఐపీల పేర్లు ఒక్కటి కూడా పోకుండా వేశారు. ఆ రెండు పేజీల్లో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి రాద్దామని కూర్చున్నాను. నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, ఉండేది భద్రాచలం. టికెట్టు వెనక చిల్లర బాకీ రాయడం తప్ప వేరే రాత అలవాటు లేదు, కాబట్టి ఎక్కడైనా దారి తప్పితే మీరే సర్దుకోండి.

నవమి ముందురోజు సాయంత్రం. కరకట్ట దిగి గుడివైపు వచ్చే దారిలో కొబ్బరికాయల కొట్టు ఒకటుంది, పొద్దు వాలాక నేను అక్కడే స్టూలు మీద కూర్చుంటాను. ఆంధ్రలో కోరుకొండ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు పదిమంది దాకా నీడకి కూలబడ్డారు. చేతుల్లో పసుపు గుడ్డల మూటలు, లోపల గోటి తలంబ్రాలు. తెలియనివాళ్ళకి చెప్తాను. రాముడి పెళ్ళికని ప్రత్యేకంగా వరి వేసి, పండించి, ఆ వడ్లని రోట్లో దంచకుండా, మిల్లుకి పట్టించకుండా, ఒక్కొక్క గింజా గోటితో ఒలుస్తారు, గింజ విరక్కూడదు. కోరుకొండ చుట్టుపక్కల, అటు చీరాల వైపు వేలమంది ఏటా చేసే పని ఇది. ఆ బియ్యం కొంత మా భద్రాచలానికి వస్తుంది, కొంత ఆంధ్రలో కడప వైపున్న ఒంటిమిట్ట రాముడికి కూడా పోతుంది.

అప్పుడే ఓ కారు ఆగింది, నలుగురు కుర్రాళ్ళు దిగారు, కొబ్బరినీళ్ళు అడిగారు. అందులో ఒకడు సెల్లు పైకెత్తి వీడియో తీస్తూ, నవ్వుతూనే, "పెద్దమ్మా, మీకు ఒంటిమిట్ట ఇచ్చారుగా, మళ్ళీ మా రాముడి దగ్గరికెందుకు వచ్చారు?" అన్నాడు. ఆవిడ మూట ఒళ్ళోంచి తియ్యకుండా, "మూడు నెలలు గోళ్ళు అరిగేదాకా ఒలిచాను నాయనా. మీ రాముడో మా రాముడో నాకు తెలీదు, బియ్యం మాత్రం నావి. ఎక్కడ పొయ్యమంటావో నువ్వే చెప్పు" అంది. అందరం నవ్వాం, ఆ కుర్రాడూ నవ్వాడు. అక్కడితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, వయసులో నా అంతవాడే, నవ్వకుండా అందుకున్నాడు: "మరి తిరుపతిలో మా ఎమ్మెల్యేల లెటర్లు చెల్లవన్నప్పుడు ఏం మాట్లాడారు మీరంతా?" ఆ ఆడవాళ్ళతో వచ్చిన మనిషి ఊరుకుంటాడా, "హైదరాబాద్ కట్టింది ఎవరు" అన్నాడు. అంతే. పెళ్ళివారింట్లో కట్నాల తగాదాలాగా పావుగంట నడిచింది. అందులో రాముడి మాట ఒక్కటీ లేదు.

ఆ తిరుపతి లెటర్ల గొడవ మీకూ తెలుసు. తెలంగాణ ఎమ్మెల్యేల, ఎంపీల సిఫార్సు లేఖలు కొండమీద తీసుకోవట్లేదని రచ్చ అయింది, 2024 డిసెంబరు ఆఖర్లో ఆంధ్ర ముఖ్యమంత్రి ఒప్పుకున్నారు, 2025 మార్చి నుంచి మళ్ళీ తీసుకుంటున్నారు. బాగుంది. నాకు అర్థం కానిది ఒక్కటే. నా సర్వీసులో తిరుపతి స్పెషళ్ళకి ఎన్నోసార్లు డ్యూటీ వేశారు, ఆ బస్సుల్లో ఎక్కిన జనంలో ఎమ్మెల్యే లెటరు ఉన్నవాణ్ణి నేను ఒక్కణ్ణి చూడలేదు. ఏ రాష్ట్రంవాడైనా వాడు క్యూలో నిలబడేవాడే. లెటరు ఉన్నవాళ్ళ గౌరవం దెబ్బతింటే అది ప్రాంతం గౌరవం ఎలా అయిందో, అందరి తరఫునా అంతమంది ఎందుకు రోషపడ్డారో నాకిప్పటికీ బోధపడదు.

సరే, "మా రాముడు" అనే మాట దగ్గరికి వస్తాను.

మా అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర ఒక చిన్న ఊళ్ళో, ఒకే ఇంట్లో, ఒకే మంత్రసాని చేతుల్లో పుట్టాం ఇద్దరం. ఆయన పుట్టింది తూర్పు గోదావరి జిల్లా, నేను పుట్టింది ఖమ్మం జిల్లా. మధ్యలో 1959 వచ్చింది, భద్రాచలం డివిజనుని ఖమ్మంలో కలిపారు. ఆ ఇల్లు ఇప్పుడు ఆంధ్రలో ఉంది, నేనుండే ఇల్లు తెలంగాణలో ఉంది. కూకట్‌పల్లిలో ఉండే మా అబ్బాయిని అక్కడ సెటిలర్ అంటారు, రాజమండ్రిలో ఇచ్చిన మా అమ్మాయిని అత్తారింట్లో ముద్దుగా తెలంగాణ పిల్ల అంటారు. ఇద్దరూ ఒక కడుపున పుట్టినవాళ్ళే, ఇద్దరి రేషన్ కార్డు నిన్నమొన్నటిదాకా ఒక్కటే.

వెనక్కి పోతే ఇంకా తమాషా. గుడి కట్టిన గోపన్న పాల్వంచ పరగణాకి తహశీల్దారు, ఊరు నేలకొండపల్లి, కొలువు గోల్కొండ సుల్తాను తానీషా దగ్గర. సర్కారు సొమ్ముతో కట్టాడని పన్నెండేళ్ళు జైల్లో పెట్టారు. ఆ తానీషా పంపిన ముత్యాల తలంబ్రాల ఆనవాయితీనే ఇప్పుడు ప్రభుత్వం నడుపుతోంది. మా తలంబ్రాలు పసుపుగా ఉండవు, గులాలు కలుపుతారు కాబట్టి ఎర్రెర్రగా ఉంటాయి, అది కూడా ఆ నవాబుల నాటి అలవాటే అంటారు పెద్దలు. ఆ తర్వాత 1860లో నిజాం ఈ పక్క తాలూకాలని ఇంగ్లీషువాళ్ళకి వదిలేశాడు, కొన్నాళ్ళు సెంట్రల్ ప్రావిన్సుల కింద ఉన్నాం, 1874లో మద్రాసు వాళ్ళ గోదావరి జిల్లాలో కలిపారు, 1959లో ఖమ్మం, 2014లో చీలిక, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. సుల్తాను, నిజాం, నాగపూర్, మద్రాసు, కర్నూలు, హైదరాబాదు, అందరూ ఏలారు. ఈ లెక్కలో ఎవరిది "మా" అవుతుందో చెప్పమంటే ఆ కారు కుర్రాడు చెప్పలేడు, ఆ పెద్దమనిషీ చెప్పలేడు.

అసలు హక్కుల మాటే వస్తే ముందు అడగాల్సింది దమ్మక్కని. పుట్టలో ఉన్న విగ్రహాలని మొదట చూసింది, పందిరేసింది, తాటిపండ్లు నైవేద్యం పెట్టింది ఆవిడే అని కథ. పోకల దమ్మక్క, కోయ మనిషి. గోపన్న ఆ తర్వాత వచ్చాడు. ఇవాళ ఆ దమ్మక్క మనుషులు మూడు రాష్ట్రాల్లో ఉన్నారు, ఇటు మాదగ్గర, అటు చింతూరు, కూనవరం, ఇంకా పైకి ఛత్తీస్‌గఢ్‌లో. మా ఏరియా ఆస్పత్రి ముందు ఓ గంట నిలబడండి, మూడు రాష్ట్రాల కోయభాషా వినపడుతుంది. పోలవరం నీళ్ళు నిలిస్తే మునిగే ఊళ్ళలో సగానికి సగం వాళ్ళవే. రాముడు ఆంధ్రోడా తెలంగాణోడా అని టీవీలో గొంతులు చించుకున్నవాళ్ళు ఎవరూ వాళ్ళని పిలిచి ఒక కుర్చీ వెయ్యలేదు.

2014 సంగతి నేను బస్సులో ఉండి చూశాను. ఆ ఏప్రిల్లో జరిగిన కల్యాణం ఉమ్మడి రాష్ట్రంలో ఆఖరిది. మే నెలాఖర్లో ఆర్డినెన్సు వచ్చింది, జులైలో పార్లమెంటు ఒప్పుకుంది, పోలవరం ముంపు అని చెప్పి ఏడు మండలాలు ఆంధ్రకి పోయాయి. భద్రాచలం మండలంలో ఊరొక్కటి తెలంగాణకి మిగిల్చి చుట్టూ ఉన్న పల్లెలన్నీ అటు కలిపారు. అంటే ఇల్లు ఒకరికి, పెరడు ఒకరికి. ఆ రోజుల్లో నేను పర్ణశాల రూట్లో ఉన్నాను. పర్ణశాల మాకు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలం, తెలంగాణలోనే ఉంది. కానీ ఊరు దాటగానే ఎటపాక, అది ఆంధ్ర. మళ్ళీ కొంచెం పోతే తెలంగాణ. నిన్న సాయంత్రం దాకా పల్లెవెలుగు, తెల్లారేసరికి అంతర్రాష్ట్రం. బస్సెక్కినవాడల్లా "కండక్టర్ గారూ, పాస్‌పోర్టు తియ్యాలా?" అని ఒకటే జోకు, ఒక వారం నవ్వాను, తర్వాత ఓపిక పోయింది. సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న చోటు చూపిస్తారు పర్ణశాలలో, ఆ చోటు చూడ్డానికి రెండుసార్లు రాష్ట్రం మారాల్సి వస్తుందని ఆ తల్లికి ముందే తెలిసుంటే ఇంకెక్కడైనా ఆరేసుకునేదేమో.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గాని, దీని అసలు బాధ రెండు చోట్ల తగుల్తుంది. ఒకటి చెత్త, ఒకటి భూమి.

చెత్త ముందు చెప్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. మాది 50 వేల జనం ఉన్న ఊరు. ఒక పక్క గోదావరి, మిగతా పక్కలు ఆంధ్ర. ఊరు దాటి కాలు పెడితే వేరే రాష్ట్రం. చెత్త పొయ్యడానికి ఇంత జాగా లేదు. నిజంగా లేదు. అందుకని గోదావరి ఒడ్డునే పోగవుతోంది. నవమికి, ముక్కోటికి లక్షల్లో జనం వస్తారు. విస్తళ్ళు, వాటర్ ప్యాకెట్లు, కొబ్బరి పీచు, పూలు. పండగ మర్నాడు పొద్దున్నే స్నానఘట్టం వైపు నడిచి చూడండి, రామ రామ అనుకుంటూ మునక వేసే మనిషికి వంద గజాల్లో పొగ లేస్తూ ఉంటుంది. కోరుకొండ ఆవిడ గోటితో ఒలిచిన గింజ ఒక్కటి విరక్కూడదని నియమం పెట్టుకున్న మనం, ఆవిడ స్నానం చేసే నీళ్ళ పక్కన ఇది పెట్టాం. డంపింగ్ యార్డుకి పది ఎకరాలు ఎటపాక వైపు అడిగితే అది రాష్ట్రాల సమస్య. పంచాయతీ వాళ్ళని అడిగితే పైకి చూపిస్తారు, పైవాళ్ళు ఇంకా పైకి చూపిస్తారు.

ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలు తిరిగి ఇవ్వండని ఇక్కడ పదేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకి వచ్చింది, 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్ళు చూడలేదు, మా వీధిలో పడవ తిరిగింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దానిమీద ఇంకో పద్దెనిమిది అడుగులు. కూనవరంలో మా పాత ఇల్లు కప్పుదాకా మునిగింది. నీళ్ళు ఇంకా పూర్తిగా తియ్యకముందే ఇక్కడి మంత్రి పోలవరం ఎత్తు తగ్గించాలి, ఐదు ఊళ్ళు ఇవ్వాలి అన్నారు, అక్కడి మంత్రులు అంతకు రెట్టింపు గొంతుతో జవాబు చెప్పారు. మేము బురద ఎత్తుకుంటూ టీవీలో ఇదంతా విన్నాం. 2024 జులైలో ఇద్దరు ముఖ్యమంత్రులూ ప్రజాభవన్‌లో కూర్చుంటే మా మాట తేలుతుందని మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాం. నా ఉద్దేశం చెప్పమంటే, పార్లమెంటు చట్టంతో పోయిన ఊళ్ళు అంత సులువుగా తిరిగిరావు. అవి వచ్చేదాకా చెత్త ఆగదు కదా. ఊళ్ళు ఇవ్వకపోయినా పది ఎకరాలు లీజుకివ్వచ్చు, డబ్బు తీసుకుని ఇవ్వచ్చు, దానికి రాజ్యాంగం అడ్డురాదనుకుంటాను.

అవతలవాళ్ళ కష్టం కూడా చెప్పకపోతే తప్పు. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఎటపాకని పాడేరు కేంద్రంగా ఉన్న అల్లూరి జిల్లాలో వేశారు, 2025 ఆఖరుదాకా అందులోనే ఉంది. భద్రాచలం బజారు ఎటపాకకి సైకిలు దూరం, పాడేరు పోవాలంటే ఘాటు రోడ్డు ఎక్కి దిగి ఒక రోజు పోయేది. పిల్లకి జ్వరం వస్తే మా ఊరు వస్తారు, బియ్యం కొనాలంటే మా ఊరు వస్తారు, కాగితం మీద సంతకం కావాలంటే మాత్రం కొండలు దాటాల్సి వచ్చేది. 2023 డిసెంబరులో ఇక్కడ ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు పెట్టారు, 2025 ఆగస్టులో అక్కడ కూడా పెట్టారు. మంచిదే. కానీ ఇక్కడి జీరో టికెట్టు ఈ సరిహద్దు దాకానే. బస్సులో పక్క పక్క సీట్లలో కూర్చున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళలో ఒకామె ఆధార్ కార్డు చెల్లుతుంది, ఒకామెది చెల్లదు. ఇది నేను కళ్ళారా చూశాను, ఆ కండక్టరు కుర్రాడు కూడా పాపం సిగ్గుపడుతూనే డబ్బులడిగాడు.

ఇక భూమి. పురుషోత్తపట్నంలో మా దేవస్థానానికి 889 ఎకరాల దాకా ఉంది. గుడి తెలంగాణ దేవాదాయ శాఖది, భూమి ఆంధ్ర రెవెన్యూలో. దేవుడికి దానపత్రం రాసిన మహానుభావులు రేపు మధ్యలో గీత పడుతుందని కలగన్నారా? ఏళ్ళ తరబడి అక్కడ ఆక్రమణలు లేస్తున్నాయి. దేవస్థానంవాళ్ళు పోతారు, ఊరివాళ్ళు అడ్డుపడతారు, ఈ రాష్ట్రం పోలీసు అక్కడికి పోలేడు, ఆ రాష్ట్రం పోలీసుకి ఈ దేవస్థానం తనది కాదు. 2025 జులైలో ఏకంగా ఈవో గారి మీదే దాడి జరిగింది, ఆవిడ స్పృహ తప్పి పడిపోతే ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఒక గుడి అధికారి, ఆడమనిషి, దేవుడి భూమి చూడ్డానికి పోయి స్ట్రెచర్ మీద తిరిగొచ్చింది. ఆ సాయంత్రానికే ఫోన్లలో మొదలెట్టారు. ఇటువాళ్ళు "ఆంధ్రోళ్ళు మా రాముడి భూమి మింగుతున్నారు" అని, అటువాళ్ళు "తెలంగాణ ఆఫీసర్లు మా ఊరిమీద పడ్డారు" అని.

పురుషోత్తపట్నంలో ఉన్నవాళ్ళెవరో నాకు తెలుసు, సగంమంది నా బస్సులో తిరిగినవాళ్ళే. 2014కి ముందు వాళ్ళూ మేమూ ఒకే మండలం. రాత్రికి రాత్రి ఆంధ్రోళ్ళు అయిపోయినవాళ్ళు, అప్పటిదాకా నవమికి మా వీధుల్లో పందిళ్ళు వేసినవాళ్ళు. మాది ఏజెన్సీ, 1/70 చట్టం ఉంది, గిరిజనేతరుడు భూమి కొనకూడదు, చట్టం మంచిదే, అది లేకపోతే కోయవాళ్ళకి ఈపాటికి ఒక్క సెంటు మిగిలేది కాదు. దాంతో ఇంటి జాగా కావాల్సినవాడు గుడి భూమిమీదో సర్కారు భూమిమీదో పడ్డాడు. వాళ్ళలో రెండు గదుల రేకుల ఇల్లు వేసుకున్న కూలివాడు ఉన్నాడు, ప్లాట్లు కొట్టి అమ్ముకుంటున్న పెద్దమనుషులూ ఉన్నారు. ఈ ఇద్దర్నీ వేరు చేసి చూడాల్సిన పని రెవెన్యూవాళ్ళది. అది చెయ్యకుండా దీన్ని ఆంధ్రా తెలంగాణ గొడవ చేస్తే లాభం ఎవరికి? ప్లాట్లు కొట్టినవాడికి. వాడు ముందుకి రాడు, కూలివాడి ఇల్లాల్ని రోడ్డుమీద కూర్చోబెట్టి వెనక నిలబడి "మన ప్రాంతం" అంటాడు. ఇటువైపు నాయకుడు మైకు పట్టుకుని "మన రాముడు" అంటాడు. రెండు రాష్ట్రాల సర్వేయర్లు ఒకే గొలుసు పట్టుకుని ఒక్క నెల కొలిస్తే తేలే లెక్కకి ఇంత సీను.

దేవుణ్ణి రాష్ట్రాలు పంచుకోవడం మనకి కొత్తేం కాదు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రోజుల్లో తమిళులు వేంకటం మాది అని తిరుపతి కోసం పట్టుబట్టారు, మనవాళ్ళు ఇవ్వలేదు, చివరికి సరిహద్దు తేల్చడానికి పెట్టిన పటాస్కర్ గారి లెక్క ప్రకారం 1960 ఏప్రిల్లో తిరుత్తణి అటు పోయింది. ఇప్పటికీ తిరుత్తణి కొండెక్కే మెట్లమీద తెలుగు వినపడుతుంది, తిరుమల క్యూలో తమిళం వినపడుతుంది. 2021లో హనుమంతుడు పుట్టింది తిరుమలలోనే అని మన టీటీడీ ప్రకటిస్తే, కర్ణాటకవాళ్ళు కాదు, హంపీ పక్కన ఆనెగొంది దగ్గర అంజనాద్రి అన్నారు, నాసిక్‌వాళ్ళు మా అంజనేరి సంగతేంటన్నారు. సముద్రం దాటినవాడికి బర్త్ సర్టిఫికెట్ కోసం పండితులతో కమిటీ వేశాం. అది నవ్వులాట. నవ్వులాట కానిది 2022 ఉగాదికి ముందు శ్రీశైలంలో జరిగింది. ఉత్తర కర్ణాటక నుంచి నల్లమల అడవి మీదుగా కాళ్ళు బొబ్బలెక్కేలా నడిచి వస్తారు వాళ్ళు, భ్రమరాంబని తమ ఇంటి ఆడపడుచు అంటారు, చీరా సారె తెస్తారు, మల్లన్న వాళ్ళకి అల్లుడు. అలాంటి మనుషులకి ఒక టీ కొట్టు దగ్గర మాటామాటా పెరిగి, ఒక కన్నడ కుర్రాడికి దెబ్బలు తగిలి, రాత్రికి రాత్రి కొట్లూ బండ్లూ ధ్వంసమయ్యాయి. అల్లుడి ఊళ్ళో అత్తారింటివాళ్ళకి జరిగిన మర్యాద అది. టీ కొట్టు దగ్గర మొదలైనదాన్ని తెల్లారేసరికి కన్నడిగులు, తెలుగువాళ్ళు అని రాశారు.

ఒంటిమిట్ట గురించి నామీద కోపం తెచ్చుకోకండి. భద్రాచలం తెలంగాణకి పోయింది కాబట్టి తమకో కల్యాణం కావాలని ఆంధ్ర ప్రభుత్వం అనుకుంది, 2015 నుంచి అక్కడ ప్రభుత్వం తరఫున చేస్తున్నారు, టీటీడీ చూసుకుంటోంది. గుడి గొప్పది, పోతన పేరు ముడిపడ్డ చోటు, ఇక్కడ మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం అయితే అక్కడ రాత్రి వెన్నెల్లో పెళ్ళి. ఒకసారి మా ఆవిణ్ణి తీసుకుని పోయి చూసొచ్చాను, కళ్ళు చెమర్చాయి. నాకు నచ్చనిది దాన్ని పుట్టించిన పోటీ. ఆ పోటీ ఒక్కచోట ఆగిందా? ఒంటిమిట్ట అనగానే విజయనగరంవాళ్ళు మా రామతీర్థం ఏం తప్పు చేసింది అన్నారు, సీమకిచ్చి ఉత్తరాంధ్రకి ఎగ్గొట్టారని అలిగారు. ఇటు తెలంగాణలో యాదగిరిగుట్టని వందల కోట్లతో మళ్ళీ కట్టి 2022 మార్చిలో తెరిచారు, మా గుడికి 100 కోట్లు అన్న మాట ఏళ్ళ తరబడి మాటగానే ఉండిపోయింది. నరసింహస్వామి పక్కా తెలంగాణ దేవుడని, మా రాముడికి కాస్త గోదావరి జిల్లా వాసన ఉందని పైవాళ్ళకి అనుమానం అని మా ఊరి టీ కొట్టులో అనుకుంటారు. నిజమో కాదో రాముడికే తెలియాలి. మాకు మాత్రం అటు ఆంధ్రవాళ్ళు వదిలేసుకున్న గుడి, ఇటు తెలంగాణవాళ్ళు పూర్తిగా సొంతం చేసుకోని గుడి అన్నట్టు ఉంటుంది.

ఇంతా చేసి, భక్తులేమైనా తగ్గారా అంటే లేదు. ఆర్టీసీ కార్గోలో ఇంటికే తలంబ్రాలు పంపే పద్ధతి పెట్టారు. నాతో పనిచేసిన కుర్రాడు ఆ బుకింగుల దగ్గర కూర్చుంటాడు, ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో ఫోను చేసి మా ఊరికి వస్తుందా అని అడుగుతారట. నవమికి రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాటు మీదుగా వచ్చే బస్సు ఇప్పటికీ టాపు మీద కూడా ఎక్కుతామనే రద్దీతోనే వస్తుంది. మా ఊరి దగ్గర గోదావరి మీద బ్రిడ్జి 1965లో వచ్చింది, దానికి ముందు మా నాన్న కూనవరం నుంచి లాంచీలో వచ్చేవాడట కల్యాణానికి, చద్ది మూట కట్టుకుని. లాంచీలో తోటి ప్రయాణికులది ఏ జిల్లా అని ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఎవరి మూటలో ఏం పచ్చడి ఉందో మాత్రం బాగా చెప్పేవాడు.

నవమి రాత్రి ఆ కోరుకొండ ఆడవాళ్ళు మళ్ళీ కనపడ్డారు. మర్నాడు పట్టాభిషేకం చూసుకుని పోతామన్నారు, గది దొరకలేదు, కరకట్ట మీద దుప్పట్లు పరుచుకున్నారు. ముందురోజు తగాదా పెట్టుకున్న ఆ పెద్దమనిషి కూడా గది దొరక్క అక్కడే పడుకున్నాడు, నాలుగు బారల దూరంలో. గాలి ఇటు తిరిగినప్పుడల్లా చెత్త కాలిన వాసన. పెద్దమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "ఇదేం కంపు బాబూ, రాముడి ఊళ్ళో" అంది. నాకు జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆయనే లేచి కూర్చుని, "జాగా లేదమ్మా, చుట్టూ మీదే" అన్నాడు. "మాదా? మాకెవరూ చెప్పలేదే" అంది ఆవిడ, నిజంగానే ఆశ్చర్యపోయి.

ఉత్తరం పొడవైంది, మీకు చోటు ఉండదని తెలుసు. తిరుత్తణి, హనుమంతుడు తీసెయ్యండి, పర్వాలేదు. మా అన్నయ్య సంగతి కూడా తీసెయ్యండి. చెత్తకి పది ఎకరాల మాట, పురుషోత్తపట్నంలో రెండు రాష్ట్రాల సర్వే మాట మాత్రం కత్తిరించకండి. వీలైతే మీ ఆంధ్ర ఎడిషన్‌లో కూడా వెయ్యండి, ఇక్కడి పేపరు ఎటపాకలో దొరకట్లేదు ఈమధ్య.

ఇట్లు,
ఒక రిటైర్డు కండక్టరు,
భద్రాచలం